సింప్సన్స్‌లో ప్లాట్ హోల్ దొరికిందా? వాదనకి దిగేముందు ఇవి చూసుకోండి

సింప్సన్స్ అంటే హోమర్, మార్జ్ దంపతులు, వాళ్ళ పిల్లలు బార్ట్, లీసా, చంటిది మ్యాగీ చుట్టూ తిరిగే అమెరికన్ కార్టూన్ షో. ప్లాట్ హోల్ అంటే కథలో ఒకదానికొకటి పొసగని చోటు. మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి హలో కూడా అనకుండా "అన్నా, హోమర్, మార్జ్ ప్రేమించుకుంది 70ల్లోనా 90ల్లోనా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. రెండూ చూపించార్రా అన్నాను. "అదెలా కుదురుతుంది అన్నా, మనిషికి కుర్రతనం రెండుసార్లు వస్తుందా?" అని పట్టుకున్నాడు, ఇక ఒంటిగంట దాకా అదే గోల. ఆ రాత్రి మా ఇద్దరికీ ఏమీ తేలలేదు, ఎందుకంటే వాడు మాట్లాడేది లెక్క గురించి, నేను మాట్లాడేది కథ గురించి, ఆ సంగతి మాకిద్దరికీ తెలీదు. తర్వాత ఏళ్ల తరబడి ఇలాంటివి వాదించుకుంటూ, ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తూ, వాదన ఎలా పెట్టుకుంటే తేలుతుందో కొంచెం కొంచెంగా తెలిసొచ్చింది. అదే రాస్తున్నా. సింప్సన్స్ నేను బాగా చూసిన షో కాబట్టి ఉదాహరణలన్నీ అందులోవే.

ముందుగా ఏవి లెక్కలోకి వస్తాయో ఇద్దరూ ఒప్పుకోండి. ఇది చెయ్యకుండా మొదలుపెడితే గంట తర్వాత "అది ట్రీహౌస్ ఆఫ్ హారర్ కదా, అది లెక్కలోకి రాదు" అని ఒకళ్ళు అంటారు, అప్పటిదాకా మాట్లాడిందంతా వేస్ట్. ట్రీహౌస్ ఆఫ్ హారర్ అంటే 1990 అక్టోబర్ 25న మొదలుపెట్టి హాలోవీన్ కోసం చేస్తూ వస్తున్న దెయ్యాల ఎపిసోడ్లు, వాటిలో అందరూ చచ్చిపోతారు, తర్వాతి వారం మళ్ళీ బతికుంటారు, వాటిని పక్కన పెట్టేయాలి, దీనిమీద పెద్దగా పేచీ ఉండదు. భవిష్యత్తు చూపించే ఎపిసోడ్లు వేరే సంగతి. 1995లో వచ్చిన 'లీసాస్ వెడ్డింగ్' 2010లో జరుగుతుంది, ఆ 2010 మనం ఎప్పుడో దాటేశాం, లీసా ఇంకా రెండో తరగతిలోనే ఉంది. అది జోస్యం చెప్పే ఆవిడ లీసాకి చూపించిన కథ, జరిగి తీరుతుందని ఎవరూ మాటివ్వలేదు, కాబట్టి దాన్ని ప్లాట్ హోల్ అనడం నా ఉద్దేశంలో తప్పు.

రెండోది, మీరు చూస్తున్న కాపీ సరైందో కాదో చూసుకోండి. ఇది చాలామంది వదిలేస్తారు. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత సీజన్లన్నీ వెడల్పు స్క్రీన్‌కి సరిపోయేలా పైనా కిందా కత్తిరించి పెట్టారు. 1993లో వచ్చిన 'డఫ్‌లెస్' ఎపిసోడ్‌లో హోమర్ డఫ్ బీరు ఫ్యాక్టరీకి వెళ్తాడు కదా, అక్కడ డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పెద్ద ట్యాంకులు వేరువేరుగా ఉంటాయి, కాస్త పైకి చూస్తే మూడింటిలోకీ వచ్చేది ఒకటే పైపు. అదే జోక్. కత్తిరించిన కాపీలో ఆ పైపు లేదు, మూడు ట్యాంకులు మాత్రం ఉన్నాయి, ఆ సీన్ ఎందుకు పెట్టారో కూడా అర్థం కాదు. 2020 మే నుంచి పాత ఆకారంలో చూసే వీలు పెట్టారు, ఇప్పుడు ఇబ్బంది లేదు, కానీ ఎక్కడో దొరికిన క్లిప్ చూసి "ఇక్కడ ఏదో మిస్సయింది" అని వాదించేముందు ఆ మిస్సయింది షోలోనా మీ స్క్రీన్‌లోనా అని ఒకసారి చూసుకోవాలి.

ఇంకోటి కూడా దీనికి దగ్గరిదే, తీసిన వరస, వేసిన వరస ఒకటి కాదు. మనం మొదటి ఎపిసోడ్ అనుకునే క్రిస్మస్ కథ 1989 డిసెంబర్ 17న వచ్చింది, కానీ దాని ప్రొడక్షన్ కోడ్, అంటే తయారీలో ఇచ్చిన నంబర్, 7జీ08. నిజానికి ముందు తీసింది 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్', కోడ్ 7జీ01, యానిమేషన్ బాగా రాకపోవడంతో చాలా భాగం మళ్ళీ చేయించాల్సి వచ్చి అది 1990 మే 13న సీజన్ చివర్లో వేశారు. అందుకే మొదటి సీజన్ వరసగా చూస్తుంటే బొమ్మల మొహాలు ముందుకీ వెనక్కీ పోతున్నట్టు అనిపిస్తుంది. హోమర్ స్నేహితుడు బార్నీ జుట్టు మొదట్లో ఒంటి రంగులోనే పసుపు, తర్వాత గోధుమ రంగు. హోమర్ పనిచేసే ప్లాంట్ ఓనర్ బర్న్స్, అతని అసిస్టెంట్ స్మిథర్స్, 'హోమర్స్ ఒడిసీ' ఎపిసోడ్‌లో ఈ స్మిథర్స్ నల్లగా ఉంటాడు, తర్వాత అందరిలాగే పసుపు. ఇవి రంగులు వేసేటప్పుడు జరిగినవి, ఇంకా అన్నీ కుదురుకోని రోజుల్లోవి. వీటికి కథలో కారణం వెతకొద్దు, స్మిథర్స్ సెలవులకి వెళ్ళి ఎండకి నల్లబడి వచ్చాడని ఏదో అల్లడం సరదాగా ఉంటుందిగానీ వాదనలో దానికి విలువ లేదు. తప్పుని తప్పు అనేసి ముందుకెళ్ళడమే మంచిది.

ఇప్పుడు అసలైనది, వయసుల లెక్క. దీనికి ఒక కాగితం తీసుకోండి, నిజంగానే, నోటితో చేస్తే తికమకే. రెండో సీజన్ 'ద వే వి వాజ్' ప్రకారం హోమర్, మార్జ్ హైస్కూల్ చివరి ఏడాది 1974. అంటే హోమర్ 1956 ప్రాంతంలో పుట్టాడు, 1990కి 34. మూడో సీజన్ 'ఐ మ్యారీడ్ మార్జ్' ప్రకారం బార్ట్ కడుపులో పడింది 1980లో, ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్ చూసొచ్చిన రాత్రి, ఆ సినిమా వచ్చింది కూడా 1980లోనే. అంటే 1990-91కి బార్ట్‌కి పదేళ్ళు, సరిపోయింది. నాలుగో సీజన్ 'లీసాస్ ఫస్ట్ వర్డ్' ప్రకారం లీసా పుట్టింది 1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్ అప్పుడు, ఆ ఎపిసోడ్ వచ్చింది 1992 డిసెంబర్, లీసాకి ఎనిమిది, అదీ సరిపోయింది. ఇది నేను మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే వాళ్ళు ఏదో గాల్లో రాసేశారని అనుకునేవాణ్ణి, కాదు, మొదటి మూడు నాలుగేళ్ళు లెక్క ఎంత శుభ్రంగా ఉందో చూడండి. చెడింది ఎక్కడంటే క్యాలెండర్ కదిలింది, పిల్లలు కదల్లేదు.

అక్కణ్ణుంచి రచయితల ముందు రెండే దారులు, పిల్లల్ని పెంచాలి లేదా తల్లిదండ్రుల గతాన్ని ముందుకి జరపాలి. వాళ్ళు రెండోది ఎంచుకున్నారు. 2008 జనవరి 27న వచ్చిన 'దట్ నైంటీస్ షో'లో హోమర్, మార్జ్ పిల్లల్లేని కుర్రజంట, కాలం 90లు, మార్జ్ యూనివర్సిటీలో చదువుతుంటే హోమర్ గ్రంజ్ బ్యాండ్ పెడతాడు. 2021లో వచ్చిన ఇంకో ఎపిసోడ్‌లో హోమర్ 90ల్లో ఇంకా టీనేజర్. అంటే ఏ ఏడాది చూసినా వాళ్ళ కుర్రతనం ఓ ఇరవై ముప్పై ఏళ్ళ కింద ఉంటుంది, మనతోపాటే జరుగుతూ వస్తుంది. జరిగే కాలం అనండి, ఇంకేదైనా అనండి, ఒకసారి ఇది ఒప్పుకుంటే హోమర్ వయసు మీద వాదన అక్కడితో ఆగిపోతుంది. మా వాడికి నేను ఆ రాత్రే ఇది చెప్పగలిగుంటే పన్నెండింటికే పడుకునేవాళ్ళం.

కానీ జరగనివి కొన్ని ఉన్నాయి, అక్కడే మజా. చరిత్రకి మేకు కొట్టి బిగించిన పాత్రలు. హోమర్ తండ్రి, అంటే తాత ఏబ్, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడాడు, 1996లో వచ్చిన ఫ్లయింగ్ హెల్‌ఫిష్ అనే సైనిక దళం కథంతా దానిమీదే, బర్న్స్ కూడా అదే దళంలో ఉంటాడు. 1944లో ఇరవై ఏళ్ళున్నాడనుకున్నా తాతకి ఇప్పుడు నూరు దాటాలి. పిల్లల స్కూల్ ప్రిన్సిపల్ స్కిన్నర్ వియత్నాం యుద్ధంలో పనిచేశాడు, అమెరికా సైన్యం అక్కణ్ణుంచి వచ్చేసింది 1973లో, చివరి ఏడాదే పద్దెనిమిదేళ్ళకి వెళ్ళాడనుకున్నా ఇప్పుడు డెబ్భై, ఇంకా స్కూల్ నడుపుతున్నాడు, పైగా వాళ్ళమ్మతోనే ఉంటాడు. హోమర్‌ని జరిపినంత సులువుగా వీళ్ళని జరపలేరు, ఎందుకంటే యుద్ధాల తారీఖులు షో చేతిలో లేవు. కొడుకు జరిగిపోతున్నాడు, తండ్రి జరగట్లేదు, తండ్రీకొడుకుల మధ్య వయసు తేడా ఏడాదికేడాది పెరుగుతోంది! ఇది నిజంగా హోలే, దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఎవరైనా దీన్ని తీసుకొస్తే వాళ్ళ మాట ఒప్పేసుకుంటాను.

కావాలని చేసినవి వేరు. వీళ్ళుండే ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ ఏ రాష్ట్రం అనేది వాదించడమే అనవసరం, సింప్సన్స్ సినిమాలో పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ బార్ట్‌కి చెప్తాడు, మన రాష్ట్రానికి సరిహద్దులు ఒహాయో, నెవాడా, మెయిన్, కెంటకీ అని. మ్యాప్ తీసి చూస్తే నెవాడా పడమటి వైపు, మెయిన్ ఈశాన్యం మూల, ఈ నాలుగింటినీ తాకే రాష్ట్రం ఎలా ఉంటుంది? 2000లో వచ్చిన 'బిహైండ్ ద లాఫ్టర్'లో అయితే వీళ్ళది నార్తర్న్ కెంటకీ కుటుంబం అన్నారు, రీటెలికాస్ట్‌లో అదే మాట సదరన్ మిసోరీ అయిపోయింది. పేరు మాత్రం ఒరెగాన్‌లో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ చూసి పెట్టానని షో సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ 2012లో చెప్పాడు, దానర్థం ఊరు ఒరెగాన్‌లో ఉందని కాదు, ఈ రెండింటినీ కలిపేసి వాదించేవాళ్ళు చాలామంది కనిపిస్తారు, వాళ్ళకి ఓపిగ్గా చెప్పండి.

మనలాంటి వాళ్ళ గురించి కూడా షోలో ఉందని మర్చిపోవద్దు. 1997 ఫిబ్రవరి 9న వచ్చిన పూచీ ఎపిసోడ్‌లో, షోలో పిల్లలు చూసే ఇచీ, స్క్రాచీ అనే కార్టూన్ గురించి ఒకడు లేచి ఎపిసోడ్ కోడ్ నంబర్‌తో సహా అడుగుతాడు, ఇచీ స్క్రాచీ అస్థిపంజరాన్ని వాయిస్తూ ఒకే ఎముకని రెండుసార్లు కొడితే రెండు వేరే స్వరాలు ఎలా వచ్చాయి అని. 1999 ట్రీహౌస్‌లో జీనా సీరియల్ హీరోయిన్ లూసీ లాలెస్‌ని ఆ సీరియల్‌లో తప్పుల గురించి ఫ్యాన్స్ అడుగుతుంటే, అలాంటిది ఎక్కడ కనిపించినా అది మాంత్రికుడు చేసిన పని అనేస్తుంది. వీటిని చూపించి "చూశావా, వాళ్ళే మనల్ని నోరు మూసుకోమన్నారు" అనే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎముక కొట్టింది రెండుసార్లని లెక్కపెట్టినవాడు ఆ సీన్ ఎంత ప్రేమగా చూసుంటే ఆ సంగతి పట్టుకుంటాడు చెప్పండి? పైగా అదే షో 1995లో 'హూ షాట్ మిస్టర్ బర్న్స్' అని మే 21న సగం కథ వేసి, మిగతాది సెప్టెంబర్ 17 దాకా ఆపి, ఆ నాలుగు నెలలు జనం ఒక్కో ఫ్రేమ్ ఆపుకుని చూసేలా చేసింది.

ఆ ఎపిసోడ్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే క్లూ అంటే ఏంటో నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. గుండు తగిలిన బర్న్స్ తూలుకుంటూ వెళ్ళి నేలమీదున్న పెద్ద సన్‌డయల్, అంటే నీడగడియారం, మీద పడతాడు, చేతులు చాచి ఉంటాయి, ఒక చెయ్యి డబ్ల్యూ అక్షరం మీద, ఒకటి ఎస్ మీద. డబ్ల్యూ ఎస్ అంటే వేలన్ స్మిథర్స్ అని చూసేవాళ్ళకి వెంటనే తడుతుంది. కానీ మనం చూస్తున్న వైపు వేరు, బర్న్స్ పడున్న వైపు వేరు, అతని వైపునుంచి ఆ డబ్ల్యూ తిరగబడి ఎమ్ అవుతుంది. ఎమ్ ఎస్, మ్యాగీ సింప్సన్. చంటిపిల్ల దగ్గర మిఠాయి లాక్కోవాలన్న ముచ్చట కూడా బర్న్స్ నోటితో మొదటి భాగంలోనే అనిపించారు. అంటే అన్నీ మన కళ్ళముందే పెట్టి, అబద్ధం ఒక్కటీ చెప్పకుండా, చూసే వైపు మాత్రం మార్చారు. ఎవరైనా ఏదైనా సిరీస్ గురించి "క్లూలు మోసం" అంటే నేను ఈ సన్‌డయల్‌తో పోల్చి చూడమంటాను, ముందు చూపించింది తర్వాత నిజంగానే పనికొచ్చిందా లేదా అని.

"ఇది రీసెట్ షో, వారం వారం అన్నీ మర్చిపోతారు, దీనికి కంటిన్యుటీ (ముందు జరిగినదానికీ తర్వాతదానికీ పొంతన) ఏంటి" అని కొందరు వాదన మొదట్లోనే చేతులు దులిపేసుకుంటారు. వాళ్ళకి చెప్పడానికి రెండు మూడు గుర్తుపెట్టుకోండి. లీసా 1995లో మాంసం మానేసింది, అప్పట్నుంచీ శాకాహారే, ఆ ఎపిసోడ్‌లో గొంతివ్వడానికి పాల్ మెకార్ట్‌నీ పెట్టిన షరతే అది, తర్వాత మళ్ళీ మార్చకూడదని. నెడ్ భార్య మాడ్ 2000 ఫిబ్రవరిలో చనిపోయింది, తిరిగి రాలేదు. హోమర్‌తో పనిచేసే గ్రైమ్స్ 1997లో చచ్చిపోతే 2002లో కొడుకొచ్చి పగ తీర్చుకోబోయాడు. మరి ఇవన్నీ కంటిన్యుటీ కాదా?

కొన్నిటికి కారణం కథలో ఉండదు, బయట ఉంటుంది, వాటిని గౌరవంగా పట్టుకోండి. టీచర్ ఎడ్నా కనిపించకపోవడం ప్లాట్ హోల్ కాదు, ఆ గొంతిచ్చిన మార్సియా వాలెస్ 2013 అక్టోబర్‌లో చనిపోయారు, ఆవిడ పాత్రని వేరేవాళ్ళకి ఇవ్వలేదు. భారతీయుడైన దుకాణదారు అపు మాట్లాడకపోవడానికీ కారణం కథలో లేదు, తెల్లవాడు భారతీయుడి యాస పెట్టి నవ్వించడం మీద చాలాకాలం నడిచిన గొడవ తర్వాత 2020 జనవరిలో హ్యాంక్ అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. మనవాళ్ళకి ఈ విషయం మీద గట్టి అభిప్రాయాలుంటాయి, ఉండాలి కూడా, కానీ అది వేరే చర్చ, కంటిన్యుటీ వాదన మధ్యలోకి లాగితే రెండూ చెడతాయి.

సరే, వాదన పెట్టేటప్పుడు మాట ఎలా ఉండాలి. "స్కిన్నర్ కథ చెత్త" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: తొమ్మిదో సీజన్ రెండో ఎపిసోడ్, 1997 సెప్టెంబర్ 28, 'ద ప్రిన్సిపల్ అండ్ ద పాపర్'. ఇన్నేళ్ళూ మనం స్కిన్నర్ అనుకున్న మనిషి అసలు పేరు ఆర్మిన్ టామ్‌జారియన్ అని, నిజం స్కిన్నర్ యుద్ధంనుంచి తిరిగొచ్చాడని చూపించారు, చివర్లో జడ్జి ఈ సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదని తీర్పిచ్చేశాడు. ముందు ఏముంది, తర్వాత ఏమైంది, రెండూ ఎందుకు పొసగవు, ఈ మూడూ చెప్పాక అవతలివాళ్ళకి టైమివ్వండి. వాళ్ళిచ్చే సమాధానాన్ని నేను ఒకే ఒక్క కొలతతో చూస్తాను, ఆ సమాధానం నిలబడాలంటే షోలో ఎక్కడా లేనివి ఎన్ని కొత్తగా కల్పించాలి? ఒకటైతే వింటాను. కవల సోదరుడు, మతిమరుపు, పైగా ఒక కల, ఇలా మూడు కావాలంటే అది సమాధానం కాదు, ఇంకో కథ.

స్కిన్నర్ విషయంలో నా మాట ఇది, తారీఖుల ప్రకారం ఆ ఎపిసోడ్ పెద్దగా ఏదీ చెడగొట్టలేదు, కానీ అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎందుకంటే స్కిన్నర్ అంటే వాళ్ళమ్మ, ఆవిడ పెంపకం, ఆవిడ భయం, ఎనిమిది సీజన్లు ఆ తల్లీకొడుకుల మధ్య చూసిందంతా ఉన్నట్టుండి అరువు తెచ్చుకున్నది అయిపోయింది. లెక్క తప్పితే నేను ఊరుకుంటాను, మనిషి మారిపోతే ఊరుకోలేను. ఆ గొంతిచ్చిన హ్యారీ షియరర్ కూడా ఆ కథని బాగా తప్పుపట్టాడు. షో వాళ్ళే 2004లో దాన్ని మళ్ళీ ఎత్తారు, లీసా పిల్లులు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతే కొత్తదానికి గిన్నె కొనడం ఎందుకని పాత పేరే పెట్టేస్తుంది, స్కిన్నర్ అటుగా వచ్చి ఇది మోసం కదా అంటాడు, లీసా అతన్ని ప్రిన్సిపల్ టామ్‌జారియన్ అని పిలుస్తుంది, అతను ఇంకో మాట మాట్లాడడు. ఒక్క పేరుతో ఆరేళ్ళ కింద జరిగింది గుర్తు చేశారు, అక్కడ నేను లేచి నిలబడ్డాను.

'దట్ నైంటీస్ షో' మీద కూడా నాది ఇదే దెబ్బ. కాలం జరిపినందుకు కాదు. 'ఐ మ్యారీడ్ మార్జ్'లో హోమర్ దగ్గర ఉంగరం కొనడానికి డబ్బుల్లేక, తను పనిచేసే తిండి దుకాణం కిటికీ దగ్గర వేడివేడి ఉల్లిపాయ రింగు తీసి మార్జ్ వేలికి తొడుగుతాడు, నూనె కాలుతోందని ఆవిడ అంటుంది. ఆ పేదరికం, ఆ తొందర, బార్ట్ పుట్టబోతున్నాడన్న భయం, ఇవి తీసేసి బ్యాండూ, యూనివర్సిటీ, ప్రొఫెసర్ పెడితే వాళ్ళిద్దరూ వేరే జంట అయిపోతారు.

ఇవన్నీ అయ్యాక ఒక్క ఎపిసోడ్ తప్పకుండా చూడండి, ఆరో సీజన్‌లో 1995 జనవరి 22న వచ్చిన 'అండ్ మ్యాగీ మేక్స్ త్రీ'. అది మొదలవడమే ఒక ప్లాట్ హోల్‌తో మొదలవుతుంది. ఇంట్లో ఆల్బమ్ తిరగేస్తుంటే బార్ట్, లీసా చిన్నప్పటి ఫొటోలున్నాయి, మ్యాగీవి ఒక్కటీ లేవు, ఎందుకని పిల్లలు అడుగుతారు. హోమర్ చెప్పుకొస్తాడు, ప్లాంట్‌లో ఉద్యోగం మానేసి తనకిష్టమైన బౌలింగ్ క్లబ్‌లో చేరడం, మూడో బిడ్డ రాబోతోందని తెలిసి జుట్టు పీక్కోవడం, మళ్ళీ బర్న్స్ కాళ్ళ దగ్గరికి వెళ్ళి పాత ఉద్యోగం అడుక్కోవడం. బర్న్స్ అతని సీటు ఎదురుగా ఒక బోర్డు కొట్టిస్తాడు, ఇక్కణ్ణుంచి నీకు జీవితాంతం విడుదల లేదని గుర్తుపెట్టుకో అని అర్థం వచ్చేలా. చివర్లో మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది, మరి ఫొటోలేవి అని, తనకి బాగా అవసరమైన చోట పెట్టుకున్నానంటాడు హోమర్. కెమెరా ప్లాంట్‌లోకి వెళ్తుంది. ఆ బోర్డు అక్షరాల మీద మ్యాగీ ఫొటోలు అతికించి ఉంటాయి, మధ్యమధ్యలో మిగిలిన అక్షరాలు కలిపి చదివితే ఆమె కోసం చెయ్యి అని వస్తుంది.

మా వాడికి మొన్న ఇది చూపించాను. అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "అన్నా, మరి లీసా ఫొటోలు ఆల్బమ్‌లో ఎన్నున్నాయో లెక్కపెట్టావా, వెనక్కి తిప్పు" అన్నాడు. రిమోట్ వాడికే ఇచ్చాను.